యంత్రం వస్తుంది, బిల్లు ఎవరికి?

ఇంజనీరు: 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రధాని నెట్ జీరోకి 2070 అని ప్రకటించినప్పుడు చాలామంది పెదవి విరిచారు. నాకు మాత్రం అది ఆచితూచి చెప్పిన తేదీ అనిపించింది. మన దేశంలో తలసరి కరెంటు వాడకం ఏడాదికి 1400 యూనిట్ల దరిదాపుల్లో ఉంది. ప్రపంచ సగటులో అది సగం కూడా కాదు. కార్బన్ డయాక్సైడు మనిషికి రెండు టన్నులు, అమెరికాలో పద్నాలుగు. ఇంకా ఫ్రిజ్ కొనని ఇళ్లున్న దేశానికి ‘వాడకం తగ్గించుకో’ అని ఎవరు చెప్తారు? ‘వాడుకో, పొగ లేకుండా వాడుకో’ అనే చెప్పాలి. అంటే యంత్రం ముందు నడవాలి. పన్నులు, ఆంక్షలు దాని వెనక రావాలి.

అధ్యాపకురాలు: తగ్గించుకోమని నేనూ అనను సార్. నా పేచీ వేరే. 2022 నవంబరులో మనం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన దీర్ఘకాలిక పత్రం చూడండి. గ్రీన్ హైడ్రోజన్ ఉంది. 2032 కల్లా అణువిద్యుత్తు మూడు రెట్లు అని ఉంది. పొగలోంచి కార్బన్‌ను పట్టి దాచడం ఉంది, అడవులు ఉన్నాయి. ఏ పదేళ్లకు ఎంత తగ్గాలో లేదు. బొగ్గు వాడకం ఏ ఏడాది నుంచి దిగడం మొదలవుతుందో లేదు. ఖర్చు ఎవరు ఎంత భరించాలో లేదు. ఏ కాంట్రాక్టరైనా సామాన్ల జాబితా ఇచ్చి, తేదీలూ రేట్లూ తరవాత చూద్దామంటే మీరు సంతకం పెడతారా?

ఇంజనీరు: పెట్టను. కానీ అర్ధశతాబ్దం పనికి రేట్లు ఇవాళే రాసుకుంటే నష్టపోయేది మనమే. జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో యూనిట్ సగటు ధర 12 రూపాయల పైమాట. అది 2010. ఏడేళ్లకి, 2017 మేలో, రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలు. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రెండు రూపాయల కంటే ఒక పైసా తక్కువ. 2014 మార్చి నాటికి దేశమంతా కలిపి 2600 మెగావాట్లున్న సోలారు 2025 జనవరికి లక్ష మెగావాట్లు దాటింది. ఇదంతా ఏ పన్నూ తేలేదు, ఏ ఉద్యమమూ తేలేదు. ప్యానెల్ చవకైంది, అంతే.

అధ్యాపకురాలు: ఆ ‘అంతే’ దగ్గర సగం కథ దాటేశారు. ప్యానెల్ ఊరికే చవక కాలేదు. జర్మనీ ఇరవయ్యేళ్లకు పైగా తన జనం కరెంటు బిల్లు మీద సర్‌చార్జీ వేసి, ఖరీదైన రోజుల్లోనే ప్యానెళ్లు కొన్నది. చైనాలో ప్రభుత్వ బ్యాంకులు ఫ్యాక్టరీలకు అప్పులు పోశాయి. మన దగ్గర ప్రభుత్వ సంస్థ సెకీ మధ్యలో నిలబడి పాతికేళ్లపాటు కొంటానని పూచీ ఇచ్చింది. ఎల్.ఇ.డి. బల్బు సంగతి ఇంకా తేటగా ఉంటుంది. 2014 మొదట్లో ప్రభుత్వం కొన్న ధర ఒక్కోటి 310 రూపాయలు, 2016లో 38. ఆ రెండేళ్లలో బల్బులో కొత్తగా కనిపెట్టింది పెద్దగా ఏమీ లేదు. కోట్ల బల్బులకు ఒకే చోట టెండరు పిలిచారు. హుద్‌హుద్ తుపాను తరవాత విశాఖలో వీధిదీపాలన్నీ మార్చింది కూడా ఆ కొనుగోలు బలంతోనే. యంత్రం ముందు నడిచిందంటున్నారు. దాని ముందు ఎవరో డబ్బు సంచి పట్టుకుని నడిచారు.

ఇంజనీరు: సరే, కొనేవాడు లేకుండా యంత్రం రాదు, ఒప్పుకున్నాను. అలా కొనే ప్రభుత్వాన్ని నేనెప్పుడూ కాదనలేదు. నేను కాదనేది ధర పెంచి జనాన్ని దారికి తెచ్చే పద్ధతిని. ఆ ముచ్చట మన హైదరాబాదులోనే తీరింది కదా. 2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్. కరెంటు చార్జీల పెంపు మీద ఊరేగింపు, పోలీసు కాల్పులు, ముగ్గురు ప్రాణాలు పోయాయి. అప్పట్నుంచి ఈ పాతికేళ్లలో సేద్యం కరెంటుకు వెల కడతామని చెప్పి ఓట్లడిగిన పార్టీ ఉందా? 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి నుంచి ఇరవై నాలుగ్గంటలూ ఉచితం. మన సంగతి వదలండి, ఆస్ట్రేలియా డబ్బున్న దేశం. 2012 జూలైలో కార్బన్ టన్నుకు 23 డాలర్ల ధర పెట్టింది. 2014 జూలైలో కొత్త ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఇళ్ల కప్పుల మీదికెక్కిన ప్యానెళ్లను మాత్రం ఏ ప్రభుత్వమూ కిందికి దించలేకపోయింది. రాజకీయం మారినా చెక్కు చెదరనిది కావాలంటే యంత్రాన్నే నమ్ముకోవాలి.

అధ్యాపకురాలు: బషీర్‌బాగ్‌ని అలా ఒక్క మాటలో తేల్చకండి. ఆనాడు జనం రోడ్డెక్కింది ధర పెరిగినందుకు మాత్రమే కాదు. కోతలు కోతల్లాగే ఉన్నాయి, మోటార్లు కాలిపోతూనే ఉన్నాయి, ప్రపంచ బ్యాంకు షరతు కాబట్టి చార్జీ మాత్రం పెరుగుతుందన్నారు. ముందు కరెంటు సరిగా ఇచ్చి ఆ తరవాత ధర అడిగి ఉంటే ఏమయ్యేదో మనం చూడలేదు. ఇక ఆస్ట్రేలియా. పేరు మీరే ఎత్తారు కాబట్టి తరవాతి కథ కూడా చెప్పుకుందాం. 2021 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం ‘పన్నులు కాదు, టెక్నాలజీ’ అనే నినాదంతో 2050 ప్రణాళిక విడుదల చేసింది. అచ్చం మీ వాదనే. అందులో తగ్గాల్సిన దాంట్లో 15 శాతాన్ని ముందు ముందు జరగబోయే ఆవిష్కరణల ఖాతాలో వేశారు. ఇంకో పది, ఇరవై శాతం ఇతరుల దగ్గర కొనుక్కునే ఆఫ్‌సెట్ల ఖాతాలో. మరుసటి ఏడాది మేలో ఆ ప్రభుత్వమూ పోయింది. 2023లో వచ్చినవాళ్లు పెద్ద ఫ్యాక్టరీల ఉద్గారాల మీద ఏటేటా తగ్గే పరిమితి పెట్టారు. కాబట్టి రాజకీయానికి చిక్కకుండా ఏ దారీ నడవదు, మీ యంత్రం దారితో సహా.

అయినా మీ దారిలో జనం మీద ధర పడదన్నట్టు మాట్లాడుతున్నారు. మరి బిల్లులో ట్రూఅప్ చార్జీలని వచ్చేవి ఏమిటి?

ఇంజనీరు: అదేమంత వేడుకైన లెక్క కాదు, నిజమే. కానీ ట్రూఅప్‌లో ఎక్కువ భాగం బొగ్గు చేసిన నిర్వాకం. విదేశీ బొగ్గు ధర పెరిగినా, ఎండాకాలం కరెంటు చాలక ఎక్స్ఛేంజీలో అధిక ధరకు కొన్నా, ఏడాది తిరిగాక ఆ తేడా మీ బిల్లులోకే వస్తుంది. సోలారు ఒప్పందంలో పాతికేళ్లూ ఒకటే రేటు. ట్రూఅప్ పోవాలన్నా నా యంత్రమే దిక్కు.

అధ్యాపకురాలు: ఒకటే రేటు అని ఒప్పందంలో ఉంటుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏమైంది? గాలిమరల ఒప్పందాలూ సోలారు ఒప్పందాలూ తిరగదోడారు. 4 రూపాయల 84 పైసలకు కొంటామని రాసిచ్చిన గాలి కరెంటుకు 2.43 ఇస్తామన్నారు. 2022 మార్చిలో హైకోర్టు అలా కుదరదు, ఒప్పందం ధరే కట్టాలి అంది. ఈ లోపల ఎన్ని కంపెనీల బాకీలు నిలిచిపోయాయి! టవరు నిలబడి ఉంది, రెక్క తిరుగుతోంది, కరెంటు పంపిణీ చేసే డిస్కం దగ్గర డబ్బు లేదు. 2025 నాటికి దేశంలో వేలం పూర్తయి, కొనడానికి ఏ డిస్కమూ సంతకం పెట్టని సామర్థ్యం 40 వేల మెగావాట్లు దాటింది. రాజస్థాన్‌లో లైన్లు చాలక తయారైన సోలారునే ఆపేయమన్నారు. ఇందులో కనిపెట్టడానికి మిగిలిన యంత్రం ఏది చెప్పండి.

ఇంజనీరు: డిస్కం వాడు సంతకం ఎందుకు పెట్టడం లేదో కూడా అడగండి. వాడికి మధ్యాహ్నం కరెంటు అక్కర్లేదు, సాయంత్రం ఆరు దాటాక కావాలి. 2025 జూన్‌కే మన సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కానిదైంది. 2030కి పెట్టుకున్న లక్ష్యం ఐదేళ్లు ముందే వచ్చింది. కానీ...

అధ్యాపకురాలు: కానీ కరెంటులో మూడొంతులకి దగ్గరగా ఇంకా బొగ్గుదే. 2024-25లో దేశంలో బొగ్గు తవ్వకం 100 కోట్ల టన్నులు దాటింది.

(ఇది రాస్తున్నవాడి మాట: రెండు లెక్కలూ నిజమే. ఎండ ఉన్నంతసేపే పనిచేసే ప్యానెల్‌నీ, రాత్రింబవళ్లు మండే బాయిలర్‌నీ కాగితం మీద మెగావాటుకి మెగావాటు సమానం అని వేసుకుంటాం. ఈ తేడా చెప్పకుండా ‘సగం అయిపోయింది’ అని చాటేవాళ్లూ, ‘ఏమీ కాలేదు’ అని కొట్టేసేవాళ్లూ ఇద్దరూ నాకు విసుగే.)

ఇంజనీరు: అదే చెప్పబోతున్నాను. ఆ సాయంత్రాన్ని దాటించేది కూడా యంత్రమే. శ్రీశైలం ఎడమగట్టులో కొండ లోపల ఆరు రివర్సిబుల్ టర్బైన్లు ఉన్నాయి, ఒక్కోటి 150 మెగావాట్లు. రాత్రి మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదలడం ఆ గట్టుకి కొత్త విద్య కాదు. ఇప్పుడు అదే పని పగటి సోలారుతో చేయాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఉద్దేశం అదే. పక్కనే సోలారు, పక్కనే గాలి. ఇక బ్యాటరీలు. 2022 వేలంలో మెగావాటుకు నెలకు 10 లక్షల పైచిలుకు అద్దె అడిగినవాళ్లు, 2025లో రెండు లక్షల చుట్టూ ఒప్పుకున్నారు. మూడేళ్లలో! ఇలాంటి పతనం ఏ పన్ను తేగలదు?

అధ్యాపకురాలు: బ్యాటరీ ధర చూసి నేనూ ఆశ్చర్యపోయాను, దాచుకోను. కానీ అన్నిటికంటే చవకైన బ్యాటరీ మీ పొలంగట్టు మీద మోటారు. దానికి రాత్రి కరెంటిచ్చే బదులు పగలు తొమ్మిది గంటలు ఇస్తే సోలారు ఉన్నప్పుడే వాడకం అయిపోతుంది, నీళ్లు మడిలో నిలవ ఉంటాయి. రాత్రి పూట మోటారు వేయడానికి వెళ్లి పాము కరిచో, షాక్ కొట్టో చనిపోయిన రైతుల కథలు ప్రతి మండలంలో ఉన్నాయి. అవీ తప్పుతాయి. ఇది ఏ నెట్ జీరో పత్రంలోనూ మొదటి పేజీలో కనపడదు. ఎందుకంటే ప్రారంభోత్సవానికి రిబ్బను ఉండదు.

ఫ్యాను చూడండి. మామూలుది 75 వాట్లు తింటుంది, బి.ఎల్.డి.సి. ఫ్యాను 30. దేశంలో చాలా ఇళ్లలో ఇంకా తిరిగేది ఆ మామూలుదే. యంత్రం అంగట్లో ఉంది. అద్దె ఇంట్లో ఉన్నవాడు ఎక్కువ డబ్బు పెట్టి ఎందుకు కొంటాడు? ఇంటివాడు బిల్లు కట్టడు కాబట్టి వాడూ కొనడు. బల్బులకు పిలిచిన టెండరు ఫ్యాన్లకు పిలిస్తే చాలు. ఇంకోటి చెప్తే మీరు నవ్వుతారు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆటో మానేసి, స్కూటర్ మానేసి బస్సెక్కినవాళ్ల పెట్రోలు ఎవరూ లెక్కపెట్టరు. విద్యుత్ కారు సబ్సిడీ మాత్రం వాతావరణ విధానం అవుతుంది.

ఇంజనీరు: నవ్వను. బస్సు సంగతి నాకు తట్టలేదు. అయితే నిల్చోడానికి చోటు లేని బస్సుని ఎన్నాళ్లు విధానం అంటారో చూద్దాం. కొత్త బస్సులు కొనకపోతే అదీ నిలవదు. పగటి కరెంటు కూడా మాటతో రాదు మేడమ్. సేద్యం ఫీడరు విడదీయాలి, సబ్‌స్టేషన్ సామర్థ్యం పెంచాలి. సాంకేతికత అంటే మీరు ఎప్పుడూ ఆకాశంలోంచి ఊడిపడేదే అనుకుంటున్నారు. నా ఉద్యోగంలో దానికి ఎక్కువగా లైను తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ అని పేరు.

ఇంతకీ ఇదంతా తేలికపాటి భాగం. కష్టమైనది అడుగుతాను, చెప్పండి. తాడిపత్రి, జగ్గయ్యపేట, తాండూరు, హుజూర్‌నగర్. ఈ సిమెంటు కొలుములన్నీ మన దగ్గరే. అక్కడ కరెంటంతా సోలారుకి మార్చినా లాభం కొంతే. సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే కార్బన్ డయాక్సైడు వస్తుంది. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైన ఆ రాయివే. మీరు ఏ ధర పెట్టినా రాయి తన స్వభావం మార్చుకోదు. ఉక్కు అంతే. మన ఉక్కు టన్నుకు సుమారు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడు వదులుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోకింగ్ బొగ్గు పొయ్యి మాత్రమే కాదు, ఖనిజంలోంచి ఆక్సిజన్ లాగేది కూడా అదే. ఆ పని హైడ్రోజన్‌తో చేయించాలి. పగటి కరెంటు, టెండర్లు, బస్సులు ఇక్కడ పనికిరావు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లో ఏమంది? ప్రపంచం 2050కి నెట్ జీరో చేరాలంటే ఆ ఏడాది తగ్గాల్సిన దాంట్లో దాదాపు సగం ఇంకా ప్రయోగ దశలో ఉన్న యంత్రాల నుంచే రావాలంది. 2023లో మళ్లీ లెక్కవేస్తే అది 35 శాతానికి దిగింది. రెండేళ్లలో అంత దిగిందంటే ఎవరో పని చేశారు. 19,744 కోట్లతో మనం పెట్టుకున్న గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఆ పనిలో భాగం. కాకినాడలో పాత ఎరువుల ఫ్యాక్టరీ చోట గ్రీన్ అమ్మోనియా వస్తోంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్.టి.పి.సి. హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయింది. అదే ఏడాది వేలంలో గ్రీన్ అమ్మోనియా కిలో 50 రూపాయల దాకా దిగింది. సోలారుకి జరిగిందే దీనికీ జరగబోతోందని నా నమ్మకం.

అధ్యాపకురాలు: ఇక్కడ మీదే పైచేయి. సిమెంటు రాయికి నా దగ్గర జవాబు లేదు, పరిశోధన కావాలి, డబ్బు పెట్టాలి, కొంత వృథా అయినా పెట్టాలి. కానీ అమ్మోనియా 50 రూపాయలకు దిగాక కూడా ఎవరు కొంటారు? ఎరువుల కంపెనీ కొంటుంది, ఎందుకంటే తేడా భరించే ఏర్పాటు ప్రభుత్వం చేసింది. ఉక్కుకి ఆ ఏర్పాటు లేదు. అప్పుడు ధర కావాలి సార్, వేరే దారి లేదు. వింత ఏమిటంటే, ఆ ధర మన దగ్గర ఉండేది. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయల సెస్సు వేశాం. 2016 కల్లా అది 400 అయింది. చాలా దేశాల కంటే ముందే మనకు ఒక రకం కార్బన్ పన్ను ఉండేది. ఎవరూ బస్సులు తగలబెట్టలేదు, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. స్వచ్ఛ ఇంధనం కోసం అని చెప్పి వసూలు చేశాం. 2017లో దాన్ని జీఎస్టీ నష్టపరిహారం కిందికి మళ్లించాం. 2025 సెప్టెంబరులో సెస్సు తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18కి పెంచి ఊరుకున్నాం.

ఇప్పుడు 2026 జనవరి నుంచి యూరప్ సరిహద్దులో మన ఉక్కు మీద కార్బన్ లెక్కలు తేల్చుకుంటోంది. ఇక్కడే కార్బన్‌కు ధర కట్టి ఉంటే అక్కడ ఆ మేరకు మినహాయింపు దొరికేది. మనం వసూలు చేసుకోనిది వాళ్లు వసూలు చేసుకుంటారు. కొత్త కార్బన్ క్రెడిట్ల పథకం తెచ్చాం, మంచిదే. సిమెంటు, అల్యూమినియం లాంటివి వచ్చాయి. బొగ్గు కరెంటు కేంద్రాలు అందులో లేవు!

ఇంజనీరు: సెస్సు మళ్లించడం నాకూ కడుపు మంటే. కానీ యూరప్‌ని సమర్థించకండి. రెండు వందలేళ్లు బొగ్గు కాల్చి కట్టుకున్న గోడ మీద కూర్చుని మన ఉక్కుకి టోల్ గేటు పెట్టారు. 2024 నవంబరులో బాకూ వాతావరణ సదస్సులో 2035 నాటికి వర్ధమాన దేశాలకు ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు అని చేతులు దులుపుకున్నారు. మన ప్రతినిధి మాట్లాడతామన్నా ఆగకుండా బల్ల చరిచి ఆమోదించేశారు, ఆ తరవాతే సభలో మన అభ్యంతరం విన్నారు.

అధ్యాపకురాలు: సమర్థించడం లేదు. బాకూ అన్యాయమే. అన్యాయం అని అరిచినంత మాత్రాన కంటైనరు రేవు దాటదు అంటున్నాను.

సరే, మీ యంత్రాల గురించి ఇంకొకటి. యంత్రం ఉండి, పని చేస్తుందని తెలిసి, చట్టం కూడా ఉన్నప్పుడు మనం ఏం చేశామో చూడండి. 2015 డిసెంబరులో థర్మల్ కేంద్రాల గంధకం పొగకు పరిమితి పెట్టారు. రెండేళ్లలో గంధకాన్ని పట్టే ఎఫ్.జి.డి. పరికరం బిగించమన్నారు. గడువు పొడిగించారు, మళ్లీ పొడిగించారు, మళ్లీ పొడిగించారు. 2025 జూలైలో నాలుగింట మూడొంతుల పైగా కేంద్రాలకు అసలే అక్కర్లేదన్నారు. ఇక పొగలోంచి కార్బన్ పట్టుకుంటామంటే నేనెలా నమ్మాలి?

ఇంజనీరు: ఎఫ్.జి.డి. విషయంలో సాంకేతిక వాదన కూడా ఉంది. మన బొగ్గులో గంధకం తక్కువ. ఆ పరికరం సున్నపురాయి తింటుంది, కరెంటు తింటుంది, ఆ మేరకు కార్బన్ పెరుగుతుంది. అయితే ఆ వాదన 2015లో చేయాల్సింది, పదేళ్లు గడువులు అడిగాక కాదు. ఒప్పుకుంటున్నాను. కార్బన్ పట్టివేత మీద నాకూ పెద్ద భ్రమల్లేవు. వింధ్యాచల్‌లో ఎన్.టి.పి.సి. రోజుకు 20 టన్నులు పట్టి మిథనాల్ చేసే ప్లాంటు పెట్టింది. ఒక 500 మెగావాట్ల యూనిట్ రోజుకు పది వేల టన్నుల దాకా వదులుతుంది. సిమెంటుకి పనికొస్తుంది, బొగ్గు కరెంటుని బతికించడానికి సాకుగా పనికిరాకూడదు. నా ఆశ అణువిద్యుత్తు మీద.

అధ్యాపకురాలు: శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ పేరు ఎత్తకుండా ఆ మాట అనగలరా? ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు అన్నారు. ముందు ఒక అమెరికా కంపెనీ వస్తుందన్నారు, ఆ తరవాత ఇంకోటన్నారు, ఆ రెండోది 2017లో దివాలా పిటిషన్ వేసింది. భూమి తీసుకున్నారు, మత్స్యకారులు వేరే చోటికి వెళ్లాలన్నారు. కాంక్రీటు ఇంకా పడలేదు. ఇన్నేళ్లు ఇల్లు బాగుచేసుకోవాలా వద్దా అని తెలియకుండా బతికిన మనుషుల ఖర్చు ఏ ప్రాజెక్టు రిపోర్టులో ఉంది? కల్పాక్కం బ్రీడర్ రియాక్టర్ 2004లో మొదలై 2010కి కావలసింది, అందులో కోర్ లోడింగే 2024 మార్చిలో మొదలుపెట్టారు. దేశంలో ఇప్పుడున్నది 8800 మెగావాట్లు, 2047కి లక్ష అంటున్నారు. 2025 డిసెంబరు చట్టంతో ప్రైవేటుకు తలుపు తీశారు, సరఫరాదారు బాధ్యత సడలించారు. భోపాల్ చూసిన దేశం మనది.

ఇంజనీరు: కొవ్వాడ మీద మీరు చెప్పినదానికి ఎదురు చెప్పను. ఆలస్యం అక్కడ యంత్రం తప్పు కాదు, కానీ ఆ ఊరివాళ్లకి ఆ తేడా ఏం చేసుకోను? ఒక్క మాట మాత్రం అనుకోండి. ఒక కొవ్వాడ ఇచ్చే కరెంటు సోలారుతో తేవాలంటే ఎన్ని వేల ఎకరాలు? భూమి ఆ దారిలోనూ పోతుంది.

అధ్యాపకురాలు: పోతుంది. అనంతపురానికి ఆనుకుని కర్ణాటకలో పావగడ ఉంది, అక్కడ చాలామంది మాట్లాడేది మన తెలుగే. పదమూడు వేల ఎకరాల సోలారు పార్కు. రైతుల దగ్గర భూమి కొనలేదు, ఎకరానికి ఏడాదికి 21 వేల కౌలు ఇస్తున్నారు, రెండేళ్లకోసారి పెంచుతారు. పేరు భూమి యజమానిదే. నాకు నచ్చిన పద్ధతి. అయితే ఆ చేలల్లో వేరుశనగ పీకిన కూలీకి, గొర్రెలు మేపుకున్నవాడికి కౌలు లేదు, పట్టా లేదు కాబట్టి. ప్యానెళ్లు తుడిచే పని కొద్దిమందికే దొరికింది.

ఇక్కడి నుంచే సింగరేణికి వస్తాను. 1990ల మొదట్లో అక్కడ లక్షమందికి పైగా కార్మికులు. ఇప్పుడు నలభై వేల చుట్టూ. ఈ తగ్గుదలకి నెట్ జీరోకి ఏ సంబంధమూ లేదు. బొగ్గు తవ్వకం అప్పటికంటే పెరిగింది. భూగర్భ గనులు పోయి ఓపెన్‌కాస్టులొచ్చాయి, తట్టా చెమ్మస్ పోయి షావెల్, డంపర్ వచ్చాయి, మిగిలిన పని కాంట్రాక్టు మనుషులకు పోయింది. యంత్రం ముందు నడిచిన దారి సార్ అది. బెల్లంపల్లి వెళ్లి చూడండి, ఆ దారిలో ఊరు ఎక్కడ ఆగిపోయిందో.

ఇంజనీరు: బెల్లంపల్లి నాకు తెలుసు. మీరు కొట్టిన చోట తగిలింది. అయినా సింగరేణికి చాలా కంపెనీలకు లేనివి రెండున్నాయి. తవ్వేసిన భూమి, గ్రిడ్ లైన్లు. సోలారు పెడుతోంది. రామగుండం దగ్గర మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో పంప్డ్ స్టోరేజీ ఆలోచన చేస్తోంది. గని మూతపడ్డ చోట నీళ్లు ఎక్కి దిగుతాయి.

అధ్యాపకురాలు: ఎంతమందికి పని?

ఇంజనీరు: తక్కువమందికి. అబద్ధం చెప్పను. కట్టేటప్పుడు చాలామంది, కట్టాక కొద్దిమంది. అందుకే గడువు తేదీలంటే నాకు భయం. ఫలానా ఏడాది మూసేస్తాం అని ఇవాళ ప్రకటించారనుకోండి. భద్రత మీద పెట్టుబడి ఆగిపోతుంది, నిపుణులు వెళ్లిపోతారు. బొగ్గు మోసి సంపాదించిన డబ్బుతోనే రైల్వే మన ప్యాసింజర్ టికెట్ చవగ్గా ఉంచుతోంది, ఆ రంధ్రం వేరే. తరవాత ఒక్క ఎండాకాలం కోతలొస్తే జనం మళ్లీ బొగ్గే అడుగుతారు, మూసిన గని రెండింతల ఖర్చుతో తెరుస్తారు. దామరచర్లలో యాదాద్రి కేంద్రం 4000 మెగావాట్లది, యూనిట్లు ఇప్పుడిప్పుడే నడక మొదలుపెట్టాయి. దాన్ని 2040లో ఆపాలని ఇవాళే రాస్తే దాని మీది అప్పు ఎవరు కడతారు?

అధ్యాపకురాలు: రాయకపోతే కూడా ఎవరో ఒకరు కడతారు, కాకపోతే వాళ్లకి ముందుగా చెప్పం. ఈ ఏడాది సింగరేణిలో ఇరవయ్యేళ్ల కుర్రాడు తండ్రి ఉద్యోగంలో చేరతాడు. అరవై ఒకటికి రిటైర్మెంటు. అంటే 2067. మీ నెట్ జీరోకి మూడేళ్ల ముందు. ఆ కుర్రాడు మిమ్మల్ని సలహా అడిగితే ఏమంటారు?

ఇంజనీరు: చేరమంటాను. గని ఉంటుంది.

అధ్యాపకురాలు: ఎన్నాళ్లు?

ఇంజనీరు: అది కాగితం మీద పెట్టమని మాత్రం అడక్కండి.

అధ్యాపకురాలు: కాగితం మీద లేని ఉద్యోగాన్ని చూపించి వాడు ఇరవయ్యేళ్ల ఇంటి లోను ఎలా తీసుకుంటాడు?

ఇంజనీరు: ఇవాళ ఇస్తున్నారు కదా మేడమ్. మీరు తేదీ రాసిన రోజునుంచే ఇవ్వరు.